ఒంటి గ్లౌజు

“మంచుకొండల్లోకైతే ఈ జీపీఎస్ తీసుకోండక్కా,” అన్నాడు షాపాయన. “బటన్లవి తాతలకాలం నాటివి. ఇది టచ్ స్క్రీన్. చేతిలో ఉంటే దారి తప్పమన్నా తప్పలేరు.”

ఆమె బ్యాగులోంచి మందపాటి గ్లౌజు ఒకటి తీసి తొడుక్కుంది. అది ఆమె చేతికి బాగా వదులు. దాంతోనే స్క్రీన్ నొక్కింది. మ్యాపు కదల్లేదు. ఇంకా గట్టిగా నొక్కింది.

“ఎంత నొక్కినా అంతేనక్కా,” ఆయన నవ్వాడు. “గ్లౌజు తీసేసి నొక్కండి, చెప్పినట్టు వింటుంది.”

ఆమె వేలు స్క్రీన్ మీదే ఆగిపోయింది.

“ఈ గ్లౌజు మా తమ్ముడిది,” అంది. “వాడూ ఈ మిషనే కొన్నాడు. మంచులో వాడి శవం దొరికినప్పుడు రెండో చేతికి గ్లౌజు లేదు. అంత చలిలో ఎందుకు తీశాడో మా ఇంట్లో ఇన్నాళ్లూ ఎవరికీ అంతుపట్టలేదు.”