పదిహేడో నంబరు

టైలరు చొక్కా చేయి మడిచి రక్తం ఇవ్వడానికి కూర్చున్నాడు. పక్క కుర్చీ కిర్రుమంది.

లావుపాటి మనిషి. ఆర్నెల్ల కిందట కూడా ఇదే గదిలో కనిపించాడు.

టైలరు కంటితోనే కొలత తీశాడు. నడుం యాభై. అంగుళం తగ్గలేదు.

తనదీ ఒకప్పుడు యాభయ్యే. పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ అయ్యాక ముప్పై ఆరుకు దిగింది. అంతకుముందు మిషను తొక్కితే గుండె దడ. ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంది డాక్టరమ్మ. లావు వల్ల ఒంట్లో కణాలు తుప్పు పడుతున్నట్టు అనుకో, ఆ తుప్పే గుండెను తింటుంది అంది. అది తగ్గిందో లేదో చూడటానికే ఆర్నెల్లకోసారి ఈ రక్తం.

"మెట్లు ఎక్కుతున్నారా?" లావుపాటి మనిషి అడిగాడు. పోయినసారీ అదే ప్రశ్న.

"మూడంతస్తులు. ఆగకుండా."

"గుండె?"

"ఉందో లేదో కూడా తెలీట్లేదు."

అతను తనకే నయమైనట్టు నవ్వాడు.

"మీ సంగతేంటి గురువుగారూ? ఆపరేషన్ అయ్యాక కూడా నోరు కట్టుకోలేదా?"

అతను మోకాలు రుద్దుకున్నాడు.

"ఏమనుకోకండి. ఆ ఆపరేషన్ ఇంకొకరికి చేసుంటే బాగుపడేవాడు."

"నిజమేనండి," అన్నాడతను. గోడ పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆర్నెల్లు గడిచాయి. పక్క కుర్చీ ఖాళీ.

"పోయినసారి రిపోర్టులో తుప్పు సగానికి తగ్గింది. మీ గుండె భేష్," అంది రక్తం తీసే అమ్మాయి.

"గురువుగారు రాలేదా?"

"పోయిన నెల గుండె ఆగి పోయారు."

ఆమె గొట్టాన్ని స్టాండులో పెట్టింది. దాని గడి మీద పదిహేడు అని ఉంది. పక్క గడి మీదా పదిహేడే. అందులో గొట్టం లేదు.

"రెండు పదిహేడులేంటమ్మా?"

"ఈ పరిశోధన కోసం ఒకే వయసు, ఒకే బరువు, ఒకేలాంటి గుండె ఉన్న ఇద్దరిని జత కడతారు. చీటీ తీస్తారు. ఒకరికే ఆపరేషన్. రెండోవాళ్ళు మందులతోనే ఉండి రక్తం ఇస్తారు. తేడా తెలియాలిగా? మీరు సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది."

టైలరు ఆ కాగితం చదవలేదు.

చొక్కా చేయి దించుకోవడం మరిచిపోయాడు.

"నా జత... ఆయనా?"

"అవును."

"ఆయనకి తెలుసా?"

"తెలియకేం? చీటీలు తీసిన రోజు మీరు ఆలస్యంగా వచ్చారు. మీ పేరున్న చీటీ తీసింది ఆయనే."