ఏడ్చే పేషెంటు

“దొరికేసింది!” పక్క బల్ల దగ్గర కూర్చున్న నవీన్ కుమార్ చెవిలో భానుశ్రీ గుసగుసలాడింది.

తిరువూరు బడిలో మెడికల్ కాలేజీ విద్యార్థుల క్యాంపు. బెంచీల నిండా జనం. ఆ జనంలో ఒక ఉత్తుత్తి పేషెంటు.

ఏ స్వభావం డాక్టర్ల మనసుకి రోగి బాధ ఎక్కువ తగులుతుందనేది వాళ్ళ ప్రొఫెసర్ అవినాష్ సార్ పరిశోధన. అందుకని నాటకాల్లో వేషాలేసే ఒకావిడని రోగిలా పంపిస్తానన్నారు. ఎవరన్నది చెప్పలేదు. ఆవిడే మార్కులు వేస్తుంది. ఎక్కువ వచ్చినవాళ్ళు విశాఖ సదస్సులో వేదికెక్కుతారు.

ఆ వేదిక తలుచుకుంటే భానుశ్రీకి కాళ్ళు నేల మీద నిలవడం లేదు. స్వభావం పరీక్షలో ఆమెది కలుపుగోలు రకం. నవీన్‌ది ముభావం.

“నీతో నొప్పి చెప్పుకోవాలంటే పేషెంటు ముందు నిన్ను నిద్రలేపాలిరా!” అని వచ్చేటప్పుడు బస్సంతా నవ్వించింది.

ఎదుట కూర్చున్నావిడ హన్నమ్మ. నెమలి అనే ఊరి నుంచి వచ్చానంది.

“గుండెలు పట్టేసినట్టుందమ్మా. ఎడమ చెయ్యి లాగేస్తంది.”

కళ్ళలో నీళ్ళు. నుదుటి మీద చెమట.

అచ్చం పుస్తకంలో ఉన్నట్టే! ఇంకేం కావాలి?

భానుశ్రీ కుర్చీ దగ్గరికి జరుపుకుని చెయ్యి పట్టుకుంది.

“అయ్యో పిన్నీ, ఎంత బాధపడుతున్నారో! నేనున్నానుగా.”

అంత చల్లగా ఎవరైనా మాట్లాడి ఎన్నాళ్ళయిందో, హన్నమ్మకి ఏడుపు ఆగలేదు.

భానుశ్రీకి ముచ్చటేసింది. ముందుకి వంగింది.

“అదరగొట్టారు పిన్నీ! ఇక చాలు. నా మార్కులు మాత్రం మర్చిపోకండేం.”

“మార్కులేంటమ్మా?”

“అబ్బో, ఏమీ తెలీనట్టు! వెళ్ళిరండి, తర్వాతవాళ్ళు రావాలి.”

హన్నమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచి, గోడ పట్టుకుని బయటికి నడిచింది.

“ఈసీజీ తీయలేదేం?” నవీన్ అడిగాడు. పొద్దుటి నుంచి అతను తోటివాళ్ళతో మాట్లాడింది అదే.

“నాటకానికి ఈసీజీ ఏంట్రా?”

“చెమటలు పట్టాయిగా.”

“నీళ్ళు చల్లుకునుంటుందిరా, అమాయకుడా!”

నవీన్ లేచి గేటు వైపు పరుగెత్తాడు. అప్పటికే హన్నమ్మ ఎక్కిన షేర్ ఆటో రోడ్డెక్కేసింది.

భానుశ్రీ ఒక్క గంతులో సార్ దగ్గర వాలింది.

“కనిపెట్టేశాను సార్! నాకెన్ని మార్కులు?”

సార్ నోరు తెరిచేలోపే, నెరిసిన విగ్గు సర్దుకుంటూ ఒకావిడ రొప్పుతూ లోపలికి వచ్చింది.

“ఏమనుకోకండి సార్, ఎ.కొండూరు దగ్గర బస్సు ఆగిపోయింది. ఏడ్చే పేషెంటు వేషం నాదేనండి, ఇప్పుడు మొదలుపెట్టమంటారా?”