యూనుస్ ఇచ్చిన ఎర్రదీపం

ఆ రాత్రి నా లారీ వెనక దీపం పగిలిందని, తోటి డ్రైవరు యూనుస్ తన దీపం విప్పి నాకిచ్చాడు. "మర్చిపోకుండా తిరిగియ్యి జ్ఞానప్పా" అని నవ్వి పోయాడు. గంటలోపే, దీపంలేని అతని లారీని వెనకనుంచి ఇంకో బండి గుద్దింది. నేను తీసుకోకుంటే బతికేవాడా అని పన్నెండేండ్లుగా దేవుణ్ణి అడుగుతానే ఉన్నాను.

నిన్న ప్రొద్దుటూరులో కొత్త లారీకి సామాన్లు ఎంచుకుని బిగించుకున్నాను. స్టీలు బంపరు, గాలిహారను, అద్దంపైకి "యెహోవా యీరే - దేవుడే చూసుకుంటాడు" అనే బోర్డు, వెనక్కి రెండు ఎర్రదీపాలు.

"మూడు తీసుకో అప్పా. యాడన్నా ఒకటి పోతే?" అన్నాడు అంగడి మొయిన్.

"నీ బేరం కోసం నా దీపం పోవాల్నా?" అన్నాను.

రాత్రి జమ్మలమడుగు దారిలో, యూనుస్ పోయిన మలుపు దగ్గర, ఎప్పటిలాగే బండి ఆపి ప్రార్థన చేశాను. ఆమెన్ అనేలోపే వెనక మరలు విప్పుతున్న చప్పుడు వినబడింది. దిగి చూస్తే ఎవరూ లేరు. కుడివైపు దీపం లేదు. దాని నాలుగు మరలూ బంపరు మీద వరసగా పెట్టి ఉన్నాయి.

ముందు ఖాళీ రోడ్డు మీద ఒక ఎర్రదీపం వెలిగింది. ఇంజను చప్పుడు లేకుండా మెల్లగా దూరమైపోతా ఉంది.

దాని వెంట కేకేశాను.

"ముట్టిందా, యూనుస్?"