ఆగే చోటు

పర్శరాములు మళ్ళీ ఆగాడు.

క్యాథరిన్ గొంతు పై స్వరానికి ఎక్కబోయే ముందు క్లారినెట్ ఉన్నట్టుండి తెగిపోయింది. ఆమె గొంతు ఒక్కటే గాలిలో మిగిలింది.

"ఎందుకు ఆగారు?"

"ఆగిన్నా మేడం?"

"ఆగారు. నిన్న కూడా అక్కడే ఆగారు."

తప్పు దానిదే అన్నట్టు అతను క్లారినెట్ వంక చూశాడు.

మందమర్రిలో చర్చి వెనక సండే స్కూల్ గది అది. బయట బొగ్గు లారీలు పోయినప్పుడల్లా కిటికీ రెక్కలు వణుకుతున్నాయి. ఆదివారం సంఘం వార్షికోత్సవం. క్యాథరిన్ కొత్తగా కట్టిన చిన్న చిన్న పాటలు అక్కడ మొదటిసారి వినిపించాలి. ఏ పాటా నిమిషం దాటదు. ఆడగొంతుల్లో అన్నిటికన్నా పైన పలికే సొప్రానో ఆమెది. తోడు ఒక్క క్లారినెట్. తబలా లేదు, కీబోర్డు లేదు.

క్లారినెట్ వాయించేవాళ్ళ కోసం వెతికితే బెల్లంపల్లి బ్యాండ్ మేళం నుంచి ఇతను దొరికాడు. అరవై దాటిన మనిషి. ఒకసారి పాడి వినిపిస్తే పట్టుకుంటాడు. ఆగడం ఒక్కటే జబ్బు.

"ఇది పెళ్ళి బరాత్ కాదండీ, ఇష్టమొచ్చిన చోట ఆగడానికి."

"బరాత్‌ల గుర్రం ఆగినా నేనాగను మేడం," అని నవ్వాడు. "గీ పాటలకే గిట్లయితుంది. గొంతు మీదికి పోతుంటే జర జాగ ఇడువాలె అనిపిస్తది."

"ఎవరికి జాగా? నాకక్కర్లేదు. నేను ఒక్క ఊపిరిలో పాడగలను."

"అయితే సరే." అతను ఆమె ముఖంలోకి చూశాడు. "మీదే ఊరు మేడం? మీ గొంతు యాడనో ఇన్నట్టున్నది."

"ఊరు సంగతి తర్వాత. మొదటి నుంచి."

ఆ పాటలు ఎందుకు కట్టిందో ఆమె ఎవరికీ చెప్పలేదు. తల్లి రూతమ్మ ఈ చర్చిలోనే పాడేది. క్యాథరిన్‌కు మాటలు రాకముందే పోయింది. తండ్రి బిడ్డను హైదరాబాద్‌లో హాస్టల్‌కి పంపి, మళ్ళీ తల్లి ఊసు ఎత్తలేదు. రికార్డయిన పాట ఒక్కటీ లేదు. ఇక్కడ ఎవరిని అడిగినా "మస్తు పాడుతుండె" అన్నారు.

మస్తు అంటే ఎలా?

ఎవరూ చెప్పలేకపోయారు. ఆ గొంతు ఎలా ఉండేదో తనే ఊహించుకుంది. ఆ ఊహకు తగ్గట్టు పాటలు కట్టింది. విన్న ముసలివాళ్ళలో ఒక్కరైనా "అచ్చం రూతమ్మే" అనాలి. అంతకుమించి ఆమెకేమీ అక్కర్లేదు.

ఆ కోరికలో పడి పర్శరాముల్ని కూడా క్లారినెట్‌తో పాటు శ్రుతి చేయాల్సిన వస్తువుగానే చూసింది.

అతను ఆగినప్పుడల్లా స్కేలుతో బల్ల మీద కొట్టింది. ఫోన్లో టిక్కు టిక్కుమనే తాళం పెట్టి దాని వెంట నడిపించింది. అతను చెమట తుడుచుకుని మళ్ళీ మళ్ళీ ఊదాడు. శనివారం సాయంత్రానికి ఆగడం మానేశాడు.

"చూశారా, వచ్చింది కదా."

"వచ్చింది మేడం," అంటూ అతను క్లారినెట్ ముక్కలు విప్పి సంచిలో పెట్టుకున్నాడు.

ఆదివారం పాటలు ఎక్కడా తెగలేదు. చప్పట్లు చాలాసేపు మోగాయి.

క్యాథరిన్ నేరుగా ముందు బెంచీ దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఆనందమ్మ కూర్చుని ఉంది. ఒకప్పుడు రూతమ్మ పక్కన నిలబడి పాడిన మనిషి. కరీంనగర్ నుంచి ఈ రోజు కోసమే వచ్చింది. కళ్ళు దాదాపు కనిపించవు.

"పెద్దమ్మా, మా అమ్మ గొంతులా ఉందా?"

"నీ గొంతు మంచిగున్నది బిడ్డా. గట్టి గొంతు."

"అమ్మలా లేదా?"

ఆనందమ్మ తల అడ్డంగా ఊపింది.

"మీ అమ్మకు ఆయాసముండె. మీదికి పోయే ముందు ఆగి ఊపిరి తీసుకునేది. మేము సుత ఊపిరి బిగబట్టేటోళ్ళం. గప్పుడు ఎత్తుకునేది. ఆమె పాటంత గా ఆగుట్లనే ఉండె." తడుముతూ క్యాథరిన్ మణికట్టు పట్టుకుంది. "క్లారినెట్ ఎవలో కొత్తాయన గదా? మా కాలంల ఊదేటాయన రూతక్క కోసం ఆగేటోడు. గీయన మిషిన్ లెక్క గుంజుకపోయిండు."

క్యాథరిన్ చెయ్యి విడిపించుకుంది.

పర్శరాములు చర్చి మెట్ల మీద కూర్చుని క్లారినెట్ తుడుచుకుంటున్నాడు.

"మొదట్లో వాయించినట్టు ఒక్కసారి వాయించండి. ఆగుతూ."

"పరేషాన్ గాకుండ్రి మేడం. గిప్పుడు ఆగుతలేను గదా."

"ఆగండి. మీకు దండం పెడతాను."

అతను ఊదాడు. ఆమె పిడికిళ్ళు బిగించి ఆ చోటు కోసం కాచుకుంది. స్వరం తెగకుండా పైకి ఎక్కిపోయింది.

మళ్ళీ ఊదాడు. ఈసారి కావాలని ఆగాడు. ఎంతసేపు ఆగాలో తెలియక, తడబడి అందుకున్నాడు.

"వస్తలేదు మేడం."

"రూతమ్మ ఎలా పాడేది?" అని అడిగింది.

అతను తలెత్తాడు.

"రూతమ్మ మీకెట్ల ఎరుక?"

ఆమె అతని పక్కనే మెట్టు మీద కూర్చుంది.

పర్శరాములు క్లారినెట్‌ను ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు.

"ఆమె పోయినంక సుత నేను ఆగుడు ఇడువలే మేడం. ఆగినప్పుడల్లా ఆమె ఊపిరి తీసుకున్నట్టు చెవుల ఇనబడేది," అన్నాడు. "మీరు మాన్పించినంక ఇనబడుతలేదు."