పాత హైపో

బాన్సువాడలో ఫొటోలు తీసే దేవదాస్ బాత్రూంలో ఫిల్మ్ కడిగి, వేలాడదీసి లైటు వేశాడు. నాలుగు నెలల కింద చనిపోయిన భార్య నీల ఆ రీలులో ఒక్కచోట ఉంది. కాలువ గట్టు మీద, చేతులు ఒడిలో పెట్టుకుని. బతికుండగా ఆమె ఎప్పుడు అడిగినా రీలు దండగ అన్నాడు; ఇది రీలు చివర మిగిలితే తీసింది. ఆమెది వేరే ఫొటో లేదు.

చూస్తుండగానే ఫిల్మ్ మీద పాలలాంటి మసక కమ్మింది. అప్పటికే ఆరు రీళ్లు కడిగిన హైపో అది, ఫిల్మ్ మీద బొమ్మను నిలిపే మందు. ముందుగా ఫిల్మ్ ముక్క ఒకటి ముంచి చూసుకుంటే పనికిరాదని తెలిసేది.

“అక్క కనవడ్తుందా బావా?” తలుపు అవతల నుంచి మరదలు సోని అడిగింది.

“మందు పాతదయింది. ఆగు.”

“ఊరోళ్ల పెండ్లిళ్లకు కొత్త మందు, మా అక్కకు పాతదా?”

అతను ఫిల్మ్‌ను కళ్లకు దగ్గరగా పట్టుకుని చూశాడు. నీల చేతుల్లో ఒకటి ఒడిలోంచి లేచి ఉంది.

వెలుతురుకు ఫిల్మ్ పాడవుతుందని లైటు ఆర్పాడు. చీకట్లో తడుముకుంటూ కొత్త హైపో కలిపి ముంచాడు. పది నిమిషాలు నీటిబొట్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

లైటు వేశాడు. మసక పోయింది. గట్టు, నీళ్లు, చీర అంచు తేటగా ఉన్నాయి. నీల రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

కొత్త హైపోలో నిలిచిన బొమ్మ ఇక మారదు.

“చూడనియ్ బావా,” అంటూ సోని తలుపు తోసింది.