వెనక్కి తిరగని ట్యాంకర్

ఓదెమ్మ చీర కొంగు మరమగ్గాన్ని తిప్పే పట్టాలో చిక్కుకుంది.

ఆమె భర్త కనుకయ్య ఒక్క గెంతు గెంతి మెయిన్ స్విచ్ ఆపేశాడు. షెడ్డులో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఓదెమ్మ ప్రాణం దక్కింది. మగ్గాల మీదున్న బట్ట మాత్రం గీతలు పడి చెడింది.

చప్పుడు ఆగగానే యజమాని భూమయ్య సేఠ్ ఆఫీసు గదిలోంచి ఊడిపడ్డాడు.

"ఎవడ్రా బంద్ జేసింది?"

"నేనే సేఠ్. నా పెండ్లాం కొంగు..."

మాట పూర్తి కాకముందే చెంప పగిలింది.

"ఆర్డరు ఇయ్యాల్లనే పోవాలె. తెల్వదారా నీకు?"

కనుకయ్య కింద పడ్డాడు. సేఠ్ అతని కడుపులో తన్నాడు. మళ్లీ తన్నాడు. కనుకయ్య ముక్కులోంచి, నోట్లోంచి రక్తం కారింది. అయినా సేఠ్ కోపం చల్లారలేదు. గోడకు ఆనించిన ఇనుప రాడ్డు అందుకున్నాడు.

"సచ్చిపోతడు సేఠ్!" ఓదెమ్మ అతని కాళ్ల మీద పడింది. ఆమెను పక్కకు నెట్టేశాడు.

అప్పుడే షెడ్డు ముందు ఆటో ఆగింది. నెరిసిన జుట్టు మనిషి ఒకాయన దిగాడు. దారి అడగడానికి కాబోలు గుమ్మం దాకా వచ్చాడు.

లోపల జరుగుతున్నది చూసి, "రుకో! మర్ జాయేగా వో!" అని, ఆపమంటూ హిందీలో అరుస్తూ పరుగెత్తాడు.

రాడ్డు దిగే వేళకు కనుకయ్య మీద అడ్డంగా వంగాడు.

దెబ్బ ఆయన తలకు తగిలింది.

నేల మీది దూది ఎర్రగా తడిసింది.

"ఎవడు వీడు?" సేఠ్ రాడ్డు కింద పడేశాడు.

ఎవరికీ తెలియదు.

కనుకయ్య మోచేతుల మీద పాక్కుంటూ వెళ్లి ఆయన ఛాతీ మీద చెవి పెట్టాడు. "ఊపిరి ఉంది సేఠ్. దవాఖానకు తీస్కపోదం."

"పోలీసు కేసయితది. ఇయ్యాల్ల నా కొడుకు ఇంటికొస్తుండు. మిలిటరీ విమానం నడిపేటోడు. వాని ముంగట నాకు బేడీలేస్తరా?"

"మరి ఈయన?"

"గేటుకు తాళమెయ్యి. పొద్దుగూకినంక జూద్దం. ఎవడన్న కదిలితే వాడు గూడ గిట్లనే పంటడు."

నల్లా కింద చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని, భూమయ్య ఇంటికి వెళ్లాడు.

కొడుకు భూషణ్ అప్పటికే వచ్చేశాడు. వంటింటి గుమ్మంలో కూర్చుని తల్లితో మాట్లాడుతున్నాడు. సుశీలాబాయి పొయ్యి మీద మటన్ కలుపుతోంది.

"గంత ఎక్కువ ఎందుకు వండుతున్నవ్?" అన్నాడు భూమయ్య.

"చుట్టమొస్తుండట. నీ కొడుకునే అడుగు."

"ముఖేష్ సర్ బాపూ. ఆయన లేకుంటే నేను ఇయ్యాల్ల ఇక్కడ లేను."

"ఏమైందిరా?"

"పోయినేడు సముద్రం మీద తుఫాన్ల ఇరుక్కున్న. పెట్రోల్ అయిపోవచ్చింది. దిగుదామంటే దగ్గర్ల ఒక్క రన్‌వే లేదు. గట్లాంటప్పుడు ఇంకో పెద్ద విమానం వచ్చి గాలిలనే పెట్రోల్ పోస్తది. ట్యాంకర్ అంటం. ఆ దినం దాన్ని నడిపింది ముఖేష్ సరే. అది పైపు వదుల్తది, దాని కొసకు బుట్ట ఉంటది. నా విమానం ముక్కుకున్న గొట్టాన్ని ఆ బుట్టల దూర్చాలె."

"అబ్బో!" అంది తల్లి.

"గాలికి బుట్ట ఎగిరెగిరి పడ్తుంది అమ్మా. ఒకసారి నా అద్దానికే కొట్టుకుంది. కింది నుంచి ఆయనకు ఆర్డరొచ్చింది, 'ట్యాంకర్ వెనక్కి తిరగాలె' అని. ఆయన విమానంల గూడ పెట్రోల్ తక్కువనే ఉంది."

"తిరిగిండా?"

"లేదు. 'రేడియో వినబడ్తలేదు' అన్నడు. నాతోని మాత్రం మంచిగనే మాట్లాడిండు. 'బేటా, బుట్టను చూడకు, నా రెక్కను చూడు. తొందరేం లేదు, నేను ఏడికి పోను' అన్నడు."

సుశీలాబాయి పొయ్యి మంట తగ్గించి కొడుకు వైపు తిరిగింది.

"బుట్ట అందింది. నిండింది. ఆ దినం సంది నేను ఎగిరిన ప్రతి గంటా ఆయన ఇచ్చిందే బాపూ."

"ఎట్లుంటడు?" తన చేతుల వంక చూసుకుంటూ అడిగాడు భూమయ్య.

"నేను గూడ చూడలే. వేరే స్టేషన్ ఆయనది. గొంతే తెలుసు. ఈ నెలనే రిటైరైండు. తీస్కరానికి వస్తనంటే వద్దన్నడు. ఆటోల దిగి అడుక్కుంటొస్తనన్నడు. ఇప్పుడేమో ఫోన్ ఎత్తుతలేడు."

భూమయ్య లేచాడు. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగాడు. కొంతదూరం నడిచి, తర్వాత పరుగెత్తాడు.

సందు మలుపులో ఓదెమ్మ ఎదురైంది. ఆమె చీరంతా రక్తం.

"గేటు తాళం పలగ్గొట్టినం సేఠ్. నన్ను గూడ కొట్టుర్రి. ఆ పెద్దమనిషిని ఆటోల ఏసుకున్నం. దవాఖాన దారిల ధామన్కర్ నాకా చౌరస్తా గూడ దాటలే, పానం పోయింది."

భూమయ్య వెనక్కి తిరిగి ఇంటి వైపు చూశాడు. "ఏమన్న... ఏమన్న మాట్లాడిండా?"

"తెలివి వచ్చింది జరసేపు. తనను కొట్టిందెవరని అడిగిండు. మా సేఠ్ అన్న. కొడుకు విమానం నడుపుతడు, పేరు భూషణ్ అని గూడ చెప్పిన. కండ్లు మూసుకున్నడు."

వెనక సందులోంచి భూషణ్ గొంతు ఉత్సాహంగా వినిపించింది. "బాపూ! సర్ వచ్చిండా?"

ఓదెమ్మ గొంతు తగ్గించింది.

"పేరు ముఖేష్ అన్నడు సేఠ్, 'నేను గీడికి రానే లేదని చెప్పుర్రి, ఈ సంగతి భూషణ్‌కు ఎన్నటికీ తెల్వనియ్యకుర్రి' అని నా చెయ్యి పట్టుకొని పానం ఇడిసిండు."