గొరకలు పిలిచిన పూట

కాస్త దగ్గరికి జరగండి. గట్టిగా చెప్పే కథ కాదిది.

"ఇక్కడ ఏమీ లేవు తాతా," అంది సర్కారు తరఫున చేపల లెక్కకు వచ్చిన నారే, చేతిలోని తెరను ముసలాయన ముఖం ముందు పెట్టి. "మా సర్వే ఓడ మూడు రోజులుగా ఈ చిల్సాన్ సముద్రమంతా తిరిగింది. కిందికి చప్పుడు పంపుతాం. చేపలకు తగిలి వెనక్కి వస్తుంది. వచ్చినదాన్ని బట్టి ఎన్ని ఉన్నాయో లెక్కకడతాం. చూడండి, ఎక్కడా ఏమీ లేదు. సరిగ్గా మన కింద, అడుగున, ఈ ఒక్క మరక. అది కూడా జెల్లీచేపలే అనుకుంటున్నాం."

"అనుకుంటున్నారా?" అన్నాడు మాన్సొక్. "సముద్రంలోకి కేకలేసి హాజరు పిలిస్తే పలకడానికి గొరక చేపలేమన్నా బడిపిల్లలా? మనం నోరు మూసుకుని కూర్చోవాలి. అప్పుడు అవే గురగురమని పిలుస్తాయి."

పడవ నడుపుతున్న కోడలు మల్సూన్‌కి నవ్వొచ్చింది. ఎనభై మూడేళ్ల మావగారి నోటికి ఇవాళ ఏకంగా సర్కారు అమ్మాయే దొరికింది. నవ్వొచ్చిందన్నమాటే గాని, పొద్దుటి నుంచి ఆమెకు ఆ మరక మీదే ధ్యాస. ఆ మరక గొరకలదని తేలితే రేపే ఊళ్లోని పదకొండు పడవలకూ వేట అనుమతి వస్తుంది. కాదంటే ఐదేళ్లు సముద్రం మూసేస్తారు. పడవ అమ్మేసి పట్నం పోదామని ఆమె మొగుడు అప్పుడే బేరగాణ్ణి కూడా చూసి పెట్టాడు. ఈ ముసలాయన్ని పట్నం తీసుకెళ్లి ఏ గోడకు ఆనించి కూర్చోబెట్టాలి?

"మా అత్తగారి తిథికి నిరుడు చైనా నుంచి వచ్చిన ఎండు గొరక పెట్టామమ్మా," అంది నారేతో. "ఎవరింటి చేపే ఇది అని పైనుంచి తిట్టిపోసి ఉంటుంది."

మాన్సొక్ ఆ మాటలు పట్టించుకోలేదు. కణుపులు తొలిచిన పొడుగాటి వెదురుగొట్టాన్ని పడవ పక్క నుంచి నీళ్లలోకి దించి, పై కొసకు చెవి ఆనించాడు. మల్సూన్ ఇంజను ఆపేసింది.

"పిలుస్తున్నాయి," అన్నాడు కాసేపటికి.

నారే కూడా వంగి వింది. "నాకు నీళ్ల చప్పుడే వినిపిస్తోంది తాతా."

"చదువెక్కువైన చెవి నీది. అందులో ఖాళీ ఎక్కడుంది?"

ఆ అమ్మాయికి కోపం రాలేదు. సంచిలోంచి నల్లటి తీగచుట్ట ఒకటి తీసింది. "ఇది నీటి మైకు. దీంతో వినండి. ఆ గొంతు మీకంటే బాగా తెలిసినవాళ్లు మా ఆఫీసులో లేరు. మీరు గొరకే అంటే, నేనూ గొరకే అని రాస్తాను. మీ మాటే ఆఖరు."

మల్సూన్ మావగారి వైపు చూసింది. ఆయన మాటే ఆఖరంటే ఊరి బతుకంతా ఆ ముసలి చెవిలోకి వచ్చి పడినట్టే.

నారే తాత చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించింది. మైకు ఉన్న కొసను మల్సూన్‌కిచ్చి, "అక్కా, మెల్లగా పది బారలు దించండి," అని తాను పుస్తకమూ పెన్సిలూ వెతుక్కోసాగింది.

అంతలో మాన్సొక్ చెయ్యెత్తాడు.

వినేవాడు చెయ్యెత్తితే పడవలో ఎవరూ కదలకూడదు. తుమ్ము వచ్చినా మింగాల్సిందే. ఆ ఊళ్లో పిల్లలకు నడక కంటే ముందు నేర్పేది అదే. మల్సూన్ ఉన్నచోటే కూలబడి బిగుసుకుపోయింది. నారే కూడా తల వంచుకుని, కళ్లు మూసుకుని ఉండిపోయింది.

ముసలాయన ముఖంలో ముడతలన్నీ ఒక్కొక్కటే విచ్చుకున్నాయి.

"వచ్చేశాయి," అన్నాడు గుసగుసగా. "వాన పడ్డ వరిమడిలో కప్పల్లాగా... ఎడమ చేతివైపు ఆడవి. కడుపు నిండా గుడ్లతో ఉన్నాయి, అందుకే గొంతు బరువుగా ఉంది. వెనకాల మగవి తరుముకొస్తున్నాయి. వందలు కాదమ్మా, వేలు. వేలకు వేలు." కళ్ల వెంట నీళ్లు జారి గడ్డంలోకి ఇంకిపోతున్నాయి. "ఎన్నాళ్లయిందో. ఎక్కడికి పోయారర్రా ఇన్నాళ్లూ?"

మల్సూన్‌కీ ఏడుపు ఆగలేదు. బేరగాణ్ణి పంపించెయ్యమని మొగుడికి ఎప్పుడెప్పుడు ఫోను చేద్దామా అని ఉంది.

"విన్నానమ్మా. రాసుకో," అన్నాడు మాన్సొక్.

నారే కళ్లు తెరిచింది. తాత వైపు చూసింది, మల్సూన్ వైపు చూసింది. తర్వాత ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, హెడ్‌ఫోన్లలోంచి కూడా వినపడేటట్టు గట్టిగా, "అవును తాతా, చాలా వచ్చాయి," అంది. సీసాలోని బార్లీ నీళ్లు వంచి ఆయన చేతికిచ్చింది. పుస్తకం తెరిచి పెన్సిలు పట్టుకుంది. పెన్సిలు కాగితానికి ఆనలేదు.

మల్సూన్ కాసేపు చూసింది. ఒళ్లు మండిపోయింది.

"ఏమ్మా, రాయవేం?" అంది గొంతు తగ్గించి. "ఆయన మాటే ఆఖరన్నావు. ఆయన చెప్పాడు. ఇప్పుడు చెయ్యి రావడం లేదా?"

"ఏం రాయమంటారక్కా?" అంది నారే. ఆ అమ్మాయి చూపు మల్సూన్ ముఖం మీద లేదు. ఇంకా కింద, ఆమె ఒళ్లో ఉంది.

మల్సూన్ తల వంచి చూసుకుంది.

ఈ కథ గుర్తు పెట్టుకుని మీ పిల్లలకూ చెప్పండి. చివరి మాట మాత్రం ఆ ముసలాయన చెవిన పడకుండా చెప్పండి: దించమని ఇచ్చిన మైకు మల్సూన్ రెండు చేతుల మధ్యా అలాగే ఉంది, దాని మీద ఒక్క నీటి చుక్క కూడా పడలేదు.